అడగవలసిన వారిని అడిగినారా?



ఆఫ్రికా ఖండమును గూర్చి పత్రికలలో వచ్చే వ్యాసములు చదివినా, టీవీలో పెద్దల చర్చలు విన్నా మూడు మాటలు మరల మరల వినబడును. ఒకటి అభివృద్ధి, రెండవది పరిపాలన, మూడవది భద్రత. ఈ మూడింటి మీద ఢిల్లీలోను, ఆడిస్ అబాబాలోను, జెనీవాలోను సమావేశములు జరుగుచున్నవి. తీర్మానములు వ్రాయబడుచున్నవి. అభివృద్ధికి ఒక కమిటీ, పరిపాలనకు ఒక కమిటీ, భద్రతకు మరొక కమిటీ. అయితే ఆ నేల మీద పుట్టి, ఆ నేల దున్నుకొని బ్రతికే మనిషికి ఈ మూడు వేరు వేరు సంగతులు కావు. ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: "మా సంగతి నిర్ణయించే ముందు మమ్మును ఎవరైనా అడిగినారా?"

పీణ్యలో లేతు మిషను దగ్గర నిలబడే మనకు, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చే మన ఆడపిల్లలకు ఆఫ్రికాతో ఏమి పని అని ఎవరైనా అనవచ్చును. రెండు విధములుగా పని ఉన్నది. ఒకటి మన పూర్వికుల వలన, రెండవది మనము కాపురముంటున్న ఈ ఊరి వలన.

మొదటి సంబంధము పాతది. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. అది మొదలుకొని 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్లినారు. వారిలో తెలుగువారు వేలకొలది ఉన్నారు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో, బొగ్గు గనులలో వారు పనిచేసినారు. ఒప్పందము అయిదేండ్లు. అది ముగిసిన తరువాత అక్కడే నిలిచిపోయిన వారి మీద ఏటా 3 పౌన్ల పన్ను వేయుటకు 1895లో చట్టము చేసినారు. నెలకు కొన్ని షిల్లింగులు సంపాదించే కూలివానికి అది మోయలేని బరువు. 1914 వరకు ఆ పన్ను పోలేదు. పన్ను వేసేటప్పుడు ఆ కూలీలను ఎవరూ అడగలేదు.

ఆ తోటలలోని తెలుగువారి యొద్దకు 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు వెళ్లినారని మన సంఘములలో పెద్దలకు తెలియును. ఆయనను పంపినది దొరల మిషను కాదు, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనెరీ సొసైటీ. అనగా పిడికెడు బియ్యము తీసి పెట్టిన మన తల్లుల కానుకలతో నడిచిన పని. కేర్స్నీ తేయాకు తోటలలో ఆయన సంఘము కట్టినారు. మాట చెల్లని చోట నివసించే మనుష్యుల మధ్య, ప్రతి సభ్యునికి మాట చెల్లే ఒక సంఘము ఏర్పడినది. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఆ కథలో మరొక భాగమున్నది. నేటాల్ నేల ఖాళీగా ఉండినది కాదు. అది జూలూ ప్రజలు పశువులు మేపుకొని బ్రతికిన నేల. 1913లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము నేటివ్స్ లాండ్ యాక్ట్ అనే చట్టము చేసి, దేశములో సుమారు 7 శాతము నేలను మాత్రమే నల్లజాతివారికి మిగిల్చినది. దేశములో అత్యధికులు వారే. వారినీ ఎవరూ అడగలేదు. మన పూర్వికులు ఆ నేల మీద కూలికి పోయినవారు, యజమానులు కారు. కాని కొలతబద్ద ఎవరి చేతిలో ఉన్నదో, ఎవరి చేతిలో లేదో వారు కన్నులారా చూచినారు.

రెండవ సంబంధము కొత్తది. ఇది మన బెంగుళూరిదే. ఇక్కడ కరుటూరి గ్లోబల్ అనే సంస్థ గులాబీ పూల సాగుతో మొదలై, కెన్యాలోను ఇతియోపియాలోను పూలతోటలు సంపాదించి, ప్రపంచములో గులాబీలు ఎగుమతి చేసే పెద్ద సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకొన్నది. అప్పుడు దాని అధిపతి సాయి రామకృష్ణ కరుటూరి. పేరు చూడగానే అది తెలుగు ఇంటిపేరని మనకు తెలిసిపోవును. 2007-08లో ప్రపంచమంతటా తిండిగింజల ధరలు మండిపోయినవి. అప్పుడు అనేక దేశముల సంస్థలు ఆఫ్రికాలో భూములు వెదకినవి. ఈ సంస్థయు ఇతియోపియా పడమటి సరిహద్దులోని గాంబెల్లా ప్రాంతములో భూమి తీసుకొన్నది. 2010 అక్టోబరులో వ్రాసుకొన్న ఒప్పందము ప్రకారము 1,00,000 హెక్టార్లు, 50 సంవత్సరముల కౌలు, హెక్టారుకు ఏటికి 20 బిర్రులు. బిర్రు అక్కడి నాణెము. మన లెక్కలో చెప్పవలెనంటే దాదాపు రెండున్నర లక్షల ఎకరములు, ఎకరానికి సంవత్సరానికి ఆనాటి మారకములో సుమారు అర డాలరు. 2007లో ఏర్పడిన బృహత్ బెంగుళూరు మహానగర పాలికె విస్తీర్ణము కంటె ఈ భూమి పెద్దది. మొదటి పని బాగుగా సాగితే ఇంకను 2,00,000 హెక్టార్లు ఇచ్చే మాట కూడ ఉన్నది.

తరువాత ఏమి జరిగినదో చూడుడి. 2011లో బారో నది పొంగి సంస్థ వేసిన మొక్కజొన్న చేలు మునిగిపోయినవి. డబ్బు చిక్కులు వచ్చినవి. 2015 డిసెంబరులో ఇతియోపియా ప్రభుత్వము, చేస్తామన్న మేరకు సాగు చేయలేదని చెప్పి కౌలు రద్దు చేసినది. సంస్థ ఆ నిర్ణయమును ఒప్పుకొనలేదు. వారిద్దరిలో ఎవరి వాదము సరియైనదో తీర్పు చెప్పుట ఈ వ్యాసము పని కాదు. మన ప్రశ్న వేరు. ఆ ఒప్పందమునకు ఒక ప్రక్క సంస్థ ఉన్నది, మరొక ప్రక్క ప్రభుత్వము ఉన్నది. గాంబెల్లాలో తరతరములుగా ఉన్న అనువాక్ ప్రజలు, నూయేర్ ప్రజలు ఎక్కడ ఉన్నారు?

ప్రభుత్వము చెప్పినది ఏమంటే, అది వాడుకలో లేని భూమి. ఇక్కడ ఆగి ఆలోచించవలెను. అనువాక్ ప్రజలు నది ఒడ్డున సాగు చేసుకొందురు. కొన్నాళ్లు ఒక చోట దున్ని, ఆ నేలను కొన్ని సంవత్సరములు విడిచిపెట్టి, మరల అక్కడికే వత్తురు. అడవిలో కాయలు, తేనె, కట్టెలు తెచ్చుకొందురు. నూయేర్ ప్రజలు పశువులను తోలుకొని, ఎండకాలము ఒక చోటికి, వానకాలము మరొక చోటికి పోవుదురు. విమానములో పైనుంచి చూచిన అధికారికి అది ఖాళీ. క్రింద నడిచే మనిషికి అది విడిచిపెట్టిన పొలము, మేత బీడు, తాతల సమాధులు ఉన్న చోటు.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. మన పల్లెలలో బంజరు అనే మాట ఉన్నది, పోరంబోకు అనే మాట ఉన్నది. అడంగలు పుస్తకములో బంజరు అని వ్రాసిన నేల మీదనే మన వాళ్లు మేకలు మేపినారు, కంప కొట్టుకొన్నారు, గుడిసెలు వేసుకొన్నారు, చచ్చినవారిని పాతిపెట్టుకొన్నారు. పట్టా లేని నేల అంటే మనుష్యులు లేని నేల అని కాదు. ఒంగోలు ప్రక్కన గాని, పలనాడులో గాని, నెల్లూరు జిల్లాలో గాని పుట్టి పెరిగిన ప్రతి కుటుంబమునకు ఈ భేదము తెలియును. భూమి లేని పేదలకు ఇచ్చిన అసైన్డు భూములు పరుల చేతిలోనికి పోకుండ 1977లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకముగా చట్టము చేయవలసి వచ్చినదంటే, అంతకు ముందు ఏమి జరుగుచుండెనో ఊహించుకొనవచ్చును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఒక జనము యొక్క మేలు కోరి, వారిని అడగకుండ, వారి విషయములో నిర్ణయము చేయుట న్యాయమేనా? మేలు నిజముగా మేలే అనుకొందము. రోడ్డు వచ్చును, బడి వచ్చును, పని దొరుకును. అప్పుడు కూడ అడగవలెనా?

అడగనక్కరలేదని చెప్పే వాదములు మూడున్నవి. అవి తేలికగా తీసిపారవేయదగినవి కావు.

మొదటి వాదము: ఆకలి ఆగదు. 1984లో ఇతియోపియాలో వచ్చిన కరవు ప్రపంచమును కదిలించినది. లక్షల మంది చనిపోయినారు. అటువంటి దేశము ట్రాక్టర్లు, కాలువలు, పెట్టుబడి కోరుకొనుట తప్పు ఎట్లగును? ఊరూరా తిరిగి అనుమతి అడుగుచు కూర్చుంటే ఇంకొక తరము ఆకలితో పోవును గదా. ఈ వాదములో నిజమున్నది. కాని ఆ భూమిలో పండే పంట ఎవరి కొరకు అని ముందు అడగవలెను. ఎగుమతి కొరకు పండించే పంట, ప్రక్క ఊరి ఆకలి తీర్చునని ఎవరు హామీ ఇచ్చినారు? ఆకలిని చూపించి తొందర చేయునప్పుడు, ఆకలిగొన్న వానినే మొదట అడుగుట ధర్మము.

రెండవ వాదము: ప్రభుత్వము సంతకము చేసినది, అది చాలును. 1975లో అక్కడి సైనిక ప్రభుత్వము భూమినంతటిని జాతీయము చేసినది. 1995 రాజ్యాంగము ప్రకారము కూడ భూమి రాజ్యమునకును ప్రజలకును చెందినది, అమ్మకమునకు పనికిరాదు. కాబట్టి ప్రభుత్వము కౌలుకు ఇచ్చినది. చట్టములో తప్పు లేదు. అయితే 2010 మే నెలలో జరిగిన ఎన్నికలలో 547 స్థానములకు గాను పాలకపక్షము, దాని మిత్రులు కలిసి 545 గెలిచినారు. పైన చెప్పిన ఒప్పందము అదే సంవత్సరము అక్టోబరులో వ్రాసుకొన్నారు. ఎదురు ప్రశ్న వేయుటకు ఇద్దరు మాత్రమే ఉన్న సభలో, గాంబెల్లా పల్లెవాని మాట ఎవరు చెప్పగలరు? పరిపాలన అనే పెద్ద మాటకు అర్థము ఇక్కడ ఉన్నది. సంతకము చేసిన చెయ్యి ఎవరికి లెక్క చెప్పవలెనో, ఆ లెక్క అడిగే నోరు ఉన్నదో లేదో, అదే పరిపాలన.

గాంబెల్లాలో ఆ సంవత్సరములలోనే ప్రజలను చెదురు పల్లెల నుంచి క్రొత్త గ్రామములకు చేర్చే కార్యక్రమము కూడ జరిగినది. బడి, వైద్యము, నీళ్లు ఒక చోట ఇవ్వవచ్చునని ప్రభుత్వము చెప్పినది. వారు ఇష్టపడియే వచ్చినారని, భూముల కౌలుకు దీనికి సంబంధము లేదని కూడ చెప్పినది. బలవంతముగా తరలించినారని 2012లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ నివేదిక వ్రాసినది. అనువాక్ ప్రజలు కొందరు ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘమునకు ఫిర్యాదు చేసుకొన్నారు. ఇష్టపడి వచ్చుటకును రాక తప్పక వచ్చుటకును భేదము ఎట్లు తెలియును? ఒక్క పరీక్ష చాలును. రానని చెప్పినవానికి ఏమి జరిగినది?

మూడవ వాదము: ప్రతివానిని అడిగితే ఏ పనియు జరగదు. దీనికి జవాబు వాదముతో కాక జరిగిన సంగతులతో చెప్పుట మంచిది.

2008 నవంబరులో మడగాస్కర్ ద్వీపములో దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థకు 13 లక్షల హెక్టార్లు 99 సంవత్సరములకు ఇవ్వబోవుచున్నారని వార్త వచ్చినది. ప్రజలను అడగలేదు. ఇతర అసంతృప్తులకు ఇదియు తోడై జనము వీధులకెక్కినది. 2009 మార్చిలో అధ్యక్షుడు పదవి కోలుపోయినాడు. తరువాత వచ్చినవాడు ఆ ఒప్పందమును రద్దు చేసినాడు.

ఇతియోపియాలోనే రాజధాని ఆడిస్ అబాబాను చుట్టు ఉన్న ఓరోమియా పొలముల మీదికి విస్తరించుటకు ఒక ప్రణాళిక వేసినారు. 2014లో విద్యార్థులతో మొదలైన నిరసనలు 2015-16లో ఊరూరా వ్యాపించినవి. కాల్పులలో వందలమంది చనిపోయినారు. 2016 జనవరిలో ప్రణాళిక విరమించుకొన్నారు గాని మంట ఆరలేదు. ఆ సంవత్సరమే విదేశీయుల పూలతోటలు, ఫ్యాక్టరీలు కొన్ని తగలబడినవి. అక్టోబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించినారు. 2018 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి రాజీనామా ఇచ్చినాడు. అడుగుటకు పట్టే కాలము వృథా అనుకొన్నవారు, అడగనందువలన పోయిన కాలమును లెక్క వేసుకొనలేదు. పోయిన ప్రాణములకు లెక్క లేదు.

భద్రత అంటే కంచె, కాపలావాడు, తుపాకి అని మనము అనుకొందుము. 2012 ఏప్రిల్‌లో గాంబెల్లాలోని మరొక విదేశీ వ్యవసాయ సంస్థ శిబిరము మీద సాయుధులు పడి మనుష్యులను చంపినారు. అది ఘోరమైన పని. పొట్టకూటికి వచ్చిన పనివారిని చంపుట ఏ న్యాయము చేతను సమర్థించరాదు. కాని చుట్టుప్రక్కల వారికి ఇష్టము లేని తోటను తుపాకితో ఎన్నాళ్లు కాపాడగలరు? ప్రక్కింటివాడు మంచివాడైతే తాళము చిన్నదైనా చాలును. ఇది మన పెద్దలకు తెలిసిన భద్రతా శాస్త్రము.

అడిగి చేసిన పని కూడ ఆఫ్రికాలో ఉన్నది. బోట్స్వానా 1966లో స్వతంత్రము పొందినప్పుడు బహు పేద దేశము. 1967లో ఒరాపా అనే చోట వజ్రములు దొరికినవి. దేశపు మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా తెగకు చెందిన ప్రాంతమే అది. తన తెగకే దక్కవలెనని ఆయన పట్టుపట్టలేదు. ఖనిజముల హక్కు దేశమంతటిదని తెగలు ఒప్పుకొన్నవి. ఆ దేశములో గోట్లా అని పిలిచే ఊరి సభ ఉన్నది. మన రచ్చబండ వంటిది. నాయకుడు చివర మాట్లాడును. ముందు ఊరివారు మాట్లాడుదురు. అటువంటి అలవాటున్న చోట వజ్రములు యుద్ధమునకు కాక బడులకు, రోడ్లకు పనికి వచ్చినవి.

అయితే ఆ మంచి దేశమే కలహారీ ఎడారిలోని సాన్ ప్రజలను, అభయారణ్యము నుంచి 1997లోను 2002లోను బయటికి తరలించినది. నీళ్లు, వైద్యము, చదువు ఇస్తామన్నారు. సాన్ ప్రజలు కోర్టుకు వెళ్లినారు. 2006 డిసెంబరులో ఆ దేశపు హైకోర్టు, వారి సమ్మతి లేకుండ వారి నేల నుంచి తొలగించుట తప్పని తీర్పు ఇచ్చినది. దీనిలో మనకు గొప్ప పాఠమున్నది. మంచి ప్రభుత్వము కూడ, అధిక సంఖ్యాకుల మెప్పు పొందిన ప్రభుత్వము కూడ, బలహీనుని అడుగుట మరచిపోవచ్చును. అందుచేత అడుగుట అనేది పాలకుని మంచితనము మీద ఆధారపడకూడదు. అది చట్టముగా ఉండవలెను.

అడుగుట అంటే ఏమిటి? నేను టీచరు ట్రెయినింగు చదివినప్పుడు మాకు నేర్పిన సూత్రము ఒకటున్నది: పిల్లవానికి తెలిసినదానితో మొదలుపెట్టి తెలియనిదానికి వెళ్లవలెను. వానికి ఏమి తెలియునో అడగకుండ పాఠము చెప్పువాడు గోడకు పాఠము చెప్పినట్లే. ఈ సూత్రము దేశములకు కూడ వర్తించును. నిజముగా అడుగుటలో మూడు సంగతులు ఉండవలెను. ఒకటి, పని మొదలు కాకముందే, వారి భాషలో, లాభనష్టములు రెండును చెప్పి అడగవలెను. రెండు, పెద్దమనుష్యులను నలుగురిని పిలిచి భోజనము పెట్టి సంతకము తీసుకొంటే చాలదు. నీళ్లు మోసే ఆడవారిని, పశువులు కాచేవారిని, పొలము లేని కూలివారిని కూడ అడగవలెను. మూడు, వారు "కాదు" అంటే ఆ మాట నిలవవలెను.

మూడవదే అన్నిటికంటె కష్టము. నాబోతు ద్రాక్షతోట కథ సండేస్కూలు పిల్లలకు కూడ తెలియును. అహాబు రాజు మొదట చేసినదానిలో తప్పు ఏమున్నది? ఆయన అడిగినాడు. వెల ఇస్తానన్నాడు, ఇంకను మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతు ఇవ్వనన్నాడు. అన్యాయము ఆ జవాబు తరువాత మొదలైనది. "కాదు" అనే జవాబును సహించలేని అడుగుట అడుగుట కాదు, అది హెచ్చరిక మాత్రమే.

ఈ మూడవ సంగతి మన దేశములో జరగని పని అని కూడ అనుకొనవద్దు. మన ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండ 1/70 చట్టమున్నది. విశాఖ మన్యములోని గనుల కౌలు విషయములో 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చి, షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వము సైతము తన భూమిని ప్రైవేటు సంస్థలకు కౌలుకు ఇవ్వరాదని చెప్పినది. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ త్రవ్వవచ్చునా అని 12 గ్రామసభలను అడిగినారు. పన్నెండును "వద్దు" అన్నవి. ఆ మాట నిలిచినది. అదే సంవత్సరము చేసిన భూసేకరణ చట్టములో, ప్రైవేటు సంస్థల కొరకు భూమి తీసుకొనవలెనంటే నష్టపోయే కుటుంబములలో 80 శాతము సమ్మతి కావలెనని వ్రాసినారు. 1894 నాటి దొరల చట్టములో ఆ మాట లేదు. ఇన్ని సంవత్సరములు పోరాడి మన నేల మీద సంపాదించుకొన్న ఈ నియమమును, మన సంస్థలు ఓడ ఎక్కి ఆఫ్రికా వెళ్లినప్పుడు ఇంటి వద్ద విడిచి వెళ్లవచ్చునా? మన తల్లికి తగిన మర్యాద ఎదుటివాని తల్లికి తగదా?

ఆఫ్రికా దేశములు తమలో తాము ఈ ప్రశ్నను ఎదుర్కొనుచునే ఉన్నవి. 1963లో ఆడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఏర్పడినప్పుడు, ఒకరి ఇంటి సంగతిలో మరొకరు జోక్యము చేసికొనకూడదని నియమము పెట్టుకొన్నారు. వలస పాలన నుంచి అప్పుడే బయటపడినవారికి అది సహజమే. కాని 1994లో రువాండాలో సుమారు 8 లక్షల మందిని నరికి చంపుచుండగా ఆ నియమము చేతులు కట్టివేసినది. 2002 జూలైలో ఆఫ్రికా సమాఖ్య ప్రారంభమైనప్పుడు, జాతిసంహారము వంటి ఘోరములు జరిగితే జోక్యము చేసికొనే హక్కును తమ శాసనములోనే వ్రాసుకొన్నారు. ఆ సమాఖ్య ప్రారంభమైన ఊరు డర్బన్. మన పూర్వికుల ఓడ ఆగిన రేవు అదే.

2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జి-20 సమావేశములో ఆఫ్రికా సమాఖ్యకు శాశ్వత సభ్యత్వము ఇచ్చినారు. అప్పటి వరకు ఆ బల్ల దగ్గర ఆ ఖండము నుంచి దక్షిణాఫ్రికా ఒక్కటే సభ్యదేశముగా ఉండినది. భారతదేశము అధ్యక్షత వహించిన సంవత్సరములో ఇది జరుగుట మనకు సంతోషము. అయితే కుర్చీ ప్రభుత్వములకు దొరికినది. ఆ ప్రభుత్వముల క్రింద ఉన్న అనువాక్ రైతుకు, సాన్ స్త్రీకి తమ ఊరిలో కుర్చీ ఉన్నదా అన్నది ఇంకను మిగిలి ఉన్న ప్రశ్న. పెద్ద బల్ల దగ్గర తమను అడగలేదని బాధపడిన పాలకులు, తమ ఊరి చెట్టు క్రింద తాము అడగవలసిన వారిని జ్ఞాపకము చేసికొనవలెను.

ఇక మన సంగతి. మనకు పాలసీలు వ్రాసే అధికారము లేదు. కాని మన చేతిలో ఉన్నవి కొన్ని కలవు.

ఒకటి, మనము నిలిచిన నేలను గూర్చి మరచిపోకూడదు. పీణ్య ఒకప్పుడు పల్లె. 1970ల చివరి నుంచి షెడ్లు లేచిన ఈ చోట అంతకు ముందు పొలములు ఉండినవి. ఆ ఫ్యాక్టరీల అన్నము మనము తినుచున్నాము. దాని కొరకు ఒకరు పొలము విడిచినారు. అన్నము తినుట పాపము కాదు. ఆ సంగతి తెలియనట్లు ఉండుట మంచిది కాదు.

రెండు, మన ప్రక్కన ఉన్న ఆఫ్రికా విద్యార్థులను గూర్చి. 2016 జనవరి చివరిలో మనకు దూరము కాని హేసరఘట్ట రోడ్డు ప్రాంతములో ఒక సూడాన్ విద్యార్థి కారు తగిలి ఒక స్త్రీ చనిపోయినది. ఆ తరువాత అటు వచ్చిన ఒక టాంజానియా విద్యార్థినిని గుంపు పట్టుకొని కొట్టి అవమానించినది. ఆ ప్రమాదముతో ఆమెకు ఏ సంబంధము లేదు. "నీవు ఎవరవు, ఎక్కడనుండి వచ్చితివి" అని అడిగే ఓపిక ఆ గుంపులో ఎవరికిని లేకపోయినది. ఖండమంతటిని ఒక్క మనిషిగా చూచే కంటికి భూములన్నియు ఖాళీగానే కనబడును, మనుష్యులందరు ఒకటిగానే కనబడుదురు. ఆఫ్రికా భద్రతను గూర్చి మాట్లాడే ముందు, ఆఫ్రికావారు మన వీధిలో భద్రముగా నడువగలరా అని చూచుకొనవలెను.

మూడు, మన సంఘములను గూర్చి. బాప్టిస్టులమైన మనకు బిషప్పు ఉత్తరువు లేదు. సంఘ కూడికలో ప్రతి సభ్యుని చెయ్యి సమానము. గేటు దగ్గర ఊడ్చే తల్లి చెయ్యి, ట్రెజరరు చెయ్యి ఒకే లెక్క. ఇది మన పితరులు ఇచ్చిన ఆస్తి. కాని మిషను కాంపౌండుల విషయములో, స్థలముల అమ్మకముల విషయములో, కొద్దిమంది ఒక గదిలో కూర్చుండి నిర్ణయించి తరువాత సంఘమునకు తెలియజేసే అలవాటు మన మధ్య అక్కడక్కడ కనబడుచున్నది. ఆ కొద్దిమంది ఉద్దేశము మంచిదే కావచ్చును. గాంబెల్లా కాగితము మీద సంతకము చేసినవారు కూడ దేశమునకు మేలు చేయుచున్నామనే అనుకొని యుండవచ్చును. మేలు అనే మాట అడుగుటకు బదులు కాజాలదు.

కాబట్టి పత్రికలో ఆఫ్రికాను గూర్చి గాని, శ్రీకాకుళమును గూర్చి గాని, మన పేటను గూర్చి గాని ఒక పెద్ద పథకము చదివినప్పుడు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగములు అని చూచుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడి. అక్కడ ఉన్నవారిని ముందుగా అడిగినారా? అందరిని అడిగినారా? కాదని చెప్పినవాని ఇల్లు ఇంకను నిలిచి ఉన్నదా? ఈ మూడింటికి జవాబు దొరికితే అది అభివృద్ధి, అదే పరిపాలన, అదే భద్రత. వచ్చే సంఘ కూడికలో స్థలము సంగతి చర్చకు వచ్చినప్పుడు కూడ ఇవే ప్రశ్నలు వేయుడి. వేయుటకు మొగమాటపడవద్దు.